పదిహేడు మాత్రలు

మా బావగారి ఆరోగ్యాన్ని చూసి మార్కెట్ వీధి అంతా ముచ్చటపడేది. యాభై రెండేళ్ళ మనిషికి పొట్ట లేదు, ఆయాసం లేదు. తెల్లవారేసరికి బూట్లు తొడుక్కుని నాలుగు మైళ్ళు నడిచి వచ్చేవారు. వాన పడితే గొడుగు వేసుకుని మరీ నడిచేవారు. మద్యం ముట్టరు, తీపి ముట్టరు, పూటకొక కప్పు పంచదార లేని కాఫీ. "అన్నయ్య నూరేళ్ళకి టికెట్టు ముందే కొనేసుకున్నాడు" అని మా ఆయన నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ వానాకాలం అయ్యాక మాత్రం ఆ మంచి అలవాట్లలో ఒక్కొక్కదాన్నీ తలుచుకుని పళ్ళు నూరుకున్నాను.

మాది వేరుసెనగపప్పు వ్యాపారం. ముందు దుకాణం, మధ్యలో వేపుడు పొయ్యి ఉన్న రేకుల షెడ్డు, వెనక ఇల్లు. షెడ్డుకీ ఇంటికీ మధ్యనున్న పొడుగాటి గదిని ఏరుడు గది అనేవాళ్ళం. బస్తాలు విప్పి జల్లెళ్ళలో పోసి, ముడతపడినవీ నల్లబడినవీ బూజు వాసన వేసేవీ చేత్తో ఏరి పక్కకి తీసేవాళ్ళం, నేనూ మా తోడికోడలూ కూర్చుని. మా మామగారి కాలం నుంచీ ఒకటే పద్ధతి. మంచి గింజ అమ్మకానికి, ఏరిన గింజ ఇంటికి. ఇంటికొచ్చిన గింజని మా అత్తగారు మూడు నీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, వాసన పోయేదాకా ఎర్రగా వేయించి డబ్బాకి ఎత్తేవారు. ఇంట్లో ఎవరికి ఆకలేసినా చెయ్యి ఆ డబ్బాలోకే వెళ్ళేది.

బావగారి చెయ్యి ఒక్కటే వెళ్ళేది కాదు. "నాకు పడదమ్మా, గ్యాస్" అనేవారు. పప్పు వ్యాపారికి పప్పు పడకపోవడమేమిటని ఎదురుగా టీపొడి కొట్టాయన వేళాకోళం చేసేవాడు.

ఆ ఏడు వానలు మొదలైన రెండో వారంలో షెడ్డులో బస్తాల దొంతర కూలి హమాలీల మేస్త్రి కాలు నుజ్జయింది. రక్తం కావాలన్నారు. మా ఆయన చెప్పులు వేసుకుంటుంటే బావగారు గల్లా దగ్గర నుంచి లేచొచ్చి అడ్డం నిలబడ్డారు.

"నువ్వెందుకురా? వీధిలో ఇంతమంది ఉన్నారు."

"వీధిలో వాళ్ళ బస్తాలా అన్నయ్యా పడింది? మన బస్తాలు. నువ్వూ రా, ఇద్దరిదీ ఒకే గ్రూపు."

"నాకు బీపీ. తీసుకోరు."

"నాలుగు మైళ్ళు నడిచేవాడికి బీపీ ఏమిటి?"

"చెప్తే విను. నువ్వు కూడా వద్దు."

మా ఆయన వినలేదు. మేస్త్రి బతికాడు, వేరే ఎవరిదో రక్తంతో. నాలుగో రోజున రక్తనిధి నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయన ఇచ్చిన రక్తం పారబోశామనీ, కాలేయం డాక్టర్ దగ్గరికి ఒకసారి వెళ్ళమనీ.

*

డాక్టరమ్మ నా వయసుదే. పరీక్ష కాగితాలు రెండుసార్లు తిప్పి చూసింది.

"హెపటైటిస్ బి. చాలా ఏళ్ళ నుంచి ఉంది, బహుశా పుట్టినప్పటి నుంచి. మీ ఇంట్లో ఎవరికైనా కాలేయం జబ్బు ఉందా?"

"మా మామగారు కాలేయ క్యాన్సర్‌తో పోయారు. ఆరేళ్ళయింది" అన్నాను.

"అప్పుడు పిల్లలందరికీ పరీక్ష చేయించమని చెప్పలేదా మీకు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"చెప్పి ఉంటారే" అంది ఆవిడ. వెంటనే ఎందుకన్నానా అన్నట్టు కాగితం వైపు తల వంచుకుంది.

తరువాత ఒక్కొక్కటీ చెప్పింది. కలిసి భోంచేస్తే అంటుకోదు, ముట్టుకుంటే అంటుకోదు. రక్తం తగిలే వస్తువులు, అంటే రేజరు, సూది లాంటివి, వేరుగా ఉంచుకోవాలి. నేనూ మా అమ్మాయీ పరీక్ష చేయించుకోవాలి, జబ్బు లేకపోతే టీకా వేయించుకోవాలి. మా ఆయన కాలేయం అప్పటికే గట్టిపడటం మొదలెట్టింది. దాని మీద ఒక మచ్చ కూడా ఉంది. అది ఏమిటో పెద్ద స్కాన్‌లో గాని తెలియదు. ఆ మిషన్‌కి రెండు వారాలు దాటాక గాని మా వంతు రాదు.

"మీరు తినేదేమిటి, చేసే పనేమిటి?" అని అడిగింది.

ఏరిన గింజ సంగతి మా ఆయనే గొప్పగా చెప్పారు, రాత్రిళ్ళు తాగే సంగతి మాత్రం గొణిగారు. ఆవిడ పెన్ను కింద పెట్టేసింది. "బూజులో విషం ఉంటుందండీ. కడిగినా పోదు, వేయించినా పోదు. ఆ వైరస్, ఈ విషం, పైన మీ తాగుడు. మూడూ కలిసి ఒకే చోట పనిచేస్తున్నాయి."

"మరి ఇప్పుడేం చెయ్యాలి?"

"రోజుకొక మాత్ర, ఒకే వేళకి. క్యాన్సర్ రాదని నేను మాటివ్వలేను, కానీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. ఆరునెలలకోసారి స్కాన్. తాగుడు పూర్తిగా బంద్. ఆ గింజ ఇంట్లోకి రాకూడదు. బరువు తగ్గాలి, రోజూ నడవాలి. కాఫీ తాగుతారా? పంచదార లేకుండా తాగండి, కాలేయానికి మంచిదే."

మా ఆయన పకపకా నవ్వారు. "డాక్టర్ గారూ, మీరు మా అన్నయ్యని ఎదురుగా పెట్టుకుని చెబుతున్నట్టుంది!"

నేనూ నవ్వబోయాను. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

*

మందుల షాపులో ఇచ్చిన సీసా తెల్లటి ప్లాస్టిక్‌ది, బొటనవేలంత ఎత్తు. పిల్లలు తీయకుండా మూత అదిమి తిప్పాలి. మర్నాడు పొద్దున్న మా ఆయనకి మొదటి మాత్ర నేనే తీసిచ్చాను. ఆ తరువాత వంటింట్లోకి వెళ్ళి లవంగాల కోసం చెయ్యి చాచాను. అలవాటు ప్రకారం అదిమి, తిప్పాను.

అరలో అలాంటి సీసాలు పదకొండు. ఆవాలు, మిరియాలు, లవంగాలు, గుండుసూదులు, బొత్తాలు. పదేళ్ళుగా నేను వండుతున్న వంటిల్లు. కాలేజీలో నేను చదివింది కెమిస్ట్రీ. లేబుల్ చదవకుండా సీసా మూత తీయకూడదని మొదటి రోజే చెప్పారు. ఈ సీసాలకి లేబుళ్ళు లేవు.

"అక్కా, ఈ సీసాలు ఎక్కడివి?" అన్నాను మామూలుగా.

మా తోడికోడలు కాఫీ వడపోస్తోంది. కల్లాకపటం తెలియని మనిషి. "మీ బావగారి గ్యాస్ మాత్రలవి. నెలకొకటి ఖాళీ అవుతుంది. మూత గట్టిది చెల్లీ, చీమ కూడా దూరదు. పారేయడానికి మనసొప్పదు."

"లేబుళ్ళు నువ్వు తీశావా?"

"ఆయనే గీకి ఇస్తారు. జిగురు చేతికి అంటుతుందని. పైకి అలా ఉంటారు గాని నా మీద ప్రేమే."

"ఎప్పటి నుంచి వాడుతున్నారు?"

"మామయ్యగారు పోయినప్పటి నుంచీ. ఆ దిగులుకి కడుపు పాడైందట. అప్పుడే కదూ నాక్కూడా మూడు సూదులు వేయించారు, తుప్పు మేకు గుచ్చుకుందని. ధనుర్వాతానికి ఆరునెలల్లో మూడు సూదులా అంటే, నీకెందుకు నోరుమూసుకుని వేయించుకో అన్నారు."

ఆ మధ్యాహ్నం ఇస్త్రీ బట్టలు సర్దే వంకతో వాళ్ళ గదిలోకి వెళ్ళాను. సొరుగులో, రేజరు పెట్టె పక్కన, లేబుల్ ఉన్న సీసా దొరికింది. మా ఆయన సీసా మీద ఉన్న మందు పేరే. దాని అడుగున మా మామగారి ఆస్పత్రి ఫైలు. చివరి పేజీలో అడుగున ఎవరో డాక్టర్ చేత్తో రాసిన రెండు వాక్యాలున్నాయి. సంతానం అందరికీ రక్తపరీక్ష తప్పనిసరి. ఆలస్యం చేయవద్దు. దాని కింద, చదివి అర్థం చేసుకున్నట్టు మా బావగారి సంతకం. తోక పొడుగ్గా లాగిన చక్కటి సంతకం.

ఆరేళ్ళు ఆయన నడిచారు. ఆరేళ్ళు ఆయన మాత్ర వేసుకున్నారు. బూజు గింజ ఇంటికి పంపి తాను ముట్టుకోలేదు. పెళ్ళానికి టీకా వేయించారు, నాకు వేయించలేదు. సరుకు కొనడానికని నెలకోసారి రైలెక్కి వెళ్ళేవారు. వచ్చేటప్పుడు మా ఆయనకి ఒక ఖరీదైన మద్యం సీసా తెచ్చేవారు. "నేనెలాగూ మానేశాను, నువ్వన్నా తాగరా" అని చేతిలో పెట్టేవారు.

సొరుగు మూశాను. చొక్కాలు మడత చెదరకుండా సర్దాను.

*

ఆయన్ని చంపాలనుకోలేదు. నాకు అనిపించింది అంతకన్నా చిన్నది, అంతకన్నా నీచమైనది. మా ఆయనకి లేకుండా పోయింది ఆయనకీ కొన్నాళ్ళు లేకుండా పోవాలి. అంతే.

మర్నాడు మందుల షాపులో చిన్న తెల్ల విటమిన్ మాత్రలు కొన్నాను. నాలుగు రకాలు చూపించమని, గుండ్రంగా ఉన్నవి ఎంచుకున్నాను. ఏరడం నాకు చేతనైన పని. బావగారు కొత్త సీసా తెరిచి రెండు రోజులే అయింది, ఇరవై ఎనిమిది మాత్రలున్నాయి. అక్క స్నానానికి వెళ్ళినప్పుడు ఇరవై ఎనిమిదీ తీసి, ఇరవై ఎనిమిది విటమిన్లు పోశాను. పొద్దున్న ఆయన కళ్ళజోడు పెట్టుకోరు.

మర్నాటి నుంచి పొద్దున్న కాఫీ నేనే అందించేదాన్ని. ఆయన మాత్ర నోట్లో వేసుకుని, తల వెనక్కి వంచి, నీళ్ళు గటగటా తాగి, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలేవారు. ఆ ఊపిరి వినడానికే నేను అక్కడ నిలబడేదాన్ని.

"ఈ మధ్య మరిదిగారి మీద కన్నా బావగారి మీద శ్రద్ధ ఎక్కువైందే నీకు" అని అక్క ఆటపట్టించింది.

"పెద్దవాళ్ళు కదక్కా" అన్నాను.

నాకూ మా అమ్మాయికీ జబ్బు లేదని తేలింది, మొదటి టీకా వేశారు. మా ఆయన జబ్బు సంగతి ఇంట్లో అందరికీ చెప్పాం. బావగారు ఎంత బాగా ఆశ్చర్యపోయారో! కుర్చీలోంచి సగం లేచి, "మనింట్లోనా?" అన్నారు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "భయపడకురా, ఈ రోజుల్లో అన్నిటికీ మందులున్నాయి" అన్నారు. అత్తగారు ఏడ్చారు. నేను ఆయన చేతి వేళ్ళనే చూస్తూ కూర్చున్నాను.

అదే రోజు ఏరిన గింజ డబ్బాలు నాలుగూ తీసుకెళ్ళి వేపుడు పొయ్యిలో కుమ్మరించాను. అత్తగారు చేతికర్రతో సహా వెంట పడ్డారు.

"బంగారం లాంటి గింజ! నలభై ఏళ్ళుగా తింటున్నాం, ఎవరికేమైంది?"

"మామయ్యగారికి అయింది అత్తయ్యా."

పొయ్యిలో గింజలు చిటపటమన్నాయి. గుమ్మంలో నిలబడ్డ బావగారు, "అమ్మాయి చెప్పింది నిజమేనమ్మా, పోనీ" అన్నారు. నిజం తెలిసినవాడిలా కాదు, పెద్దమనిషిలా.

రాత్రిళ్ళు మా ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఒకసారి, "మచ్చ అంటే ఎంత ఉంటుందంటావు? పప్పు గింజంతా?" అని అడిగారు. "ఇంకా చిన్నది" అన్నాను. నాకు తెలియదు.

*

మాత్రలు మార్చిన పద్దెనిమిదో రోజున పెద్ద స్కాన్ కాగితం చేతికొచ్చింది.

"క్యాన్సర్ కాదు" అంది డాక్టరమ్మ. "గట్టిపడ్డ కాలేయంలో ఇలాంటి ముడులు వస్తాయి. కనిపెట్టుకుని ఉండాలి. ఆరేళ్ళ ముందు వచ్చి ఉంటే ఇంతవరకూ వచ్చేదే కాదు. కానీ ఇప్పుడైనా సమయం మించిపోలేదు."

మా ఆయన కుర్చీలో చిన్నపిల్లాడిలా ఊగిపోతూ ఏడ్చారు. నేను ఏడవలేదు. ఆ కాగితం మా ఆయన్ని ఒక్కణ్ణే బతికించలేదు. మచ్చ ఇంకోలా తేలి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలుసు.

"ఒకటి గుర్తుపెట్టుకోండి" అంది ఆవిడ, చీటీ రాస్తూ. "ఈ మాత్ర మొదలుపెట్టాక మీ అంతట మీరు ఆపకూడదు. బాగానే ఉన్నాం కదా అని ఆపేస్తారు కొందరు. అణిగి ఉన్న వైరస్ ఒక్కసారిగా లేస్తుంది. కాలేయం మొత్తం మండిపోతుంది. కొందరు మాకు దక్కరు కూడా."

"ఎన్నాళ్ళు ఆపితే?" అని అడిగాను.

"మనిషిని బట్టి. అసలు ఆపనే కూడదు."

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, ఇస్త్రీ బట్టలు తీసుకుని వాళ్ళ గదిలోకి వెళ్ళాను. సీసాలో పదకొండు విటమిన్లు మిగిలాయి. వాటిని తీసి, అసలు మాత్రలు పదకొండు పోశాను. మూత అదిమి తిప్పాను.

జాలి కాదు. ఆయన మంచాన పడితే వీధి వీధంతా పళ్ళు పట్టుకుని చూడటానికొస్తుంది. మా ఆయనే దగ్గర కూర్చుని అన్నయ్యకి సేవ చేస్తారు. అయ్యో పాపం అంటారు. ఆయన్ని చూసి ఎవరైనా అయ్యో పాపం అనడం నాకిష్టం లేదు.

మిగిలిన పదిహేడు మాత్రలూ తూములోకి వదిలేశాను. విటమిన్లు నేనే వేసుకున్నాను.

*

ఆ వారంలోనే డాక్టరమ్మ ఒక మాటంది. మార్కెట్ వీధిలో హమాలీలకీ దుకాణదారులకీ ఉచితంగా రక్తపరీక్షలు, టీకాలు పెడతామని. జాగా కావాలి, జనం రావాలి.

"జాగా మాదే ఉంది" అన్నాను. "జనం రావాలంటే ముందు వర్తక సంఘం కార్యదర్శి చెయ్యి చాపాలి. ఆయన మా బావగారే. అందరి ముందూ, అన్ని ప్రశ్నలూ అడిగి మరీ చెయ్యండి. అప్పుడే నమ్ముతారు."

సంఘం ఒప్పుకుంది. కార్యదర్శికి కాదనడానికి కారణం దొరకలేదు. ముందు రోజు సాయంత్రం నేను ఏరుడు గదిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆయన వచ్చి బస్తా మీద కూర్చున్నారు.

"ఈ శిబిరం ఇప్పుడు అవసరమా అమ్మా? సీజను రోజులు. పప్పు కొట్లో జబ్బుందని పుకారు లేస్తే ఒక్కడూ గడప తొక్కడు."

"తింటే అంటుకోదని డాక్టరమ్మ చెప్పింది కదా బావగారూ."

"నీకు తెలుసు, నాకు తెలుసు. జనానికి తెలియాలిగా."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

నా చేతులు జల్లెట్లో ఆడుతూనే ఉన్నాయి. ఈసారి ఆయన గొంతులో పెద్దమనిషి లేడు.

"సీసాలా?"

"సీసాలు. ఫైలు. మీ సంతకం బాగుంటుంది."

"చెబుదామనే అనుకున్నాను. ఒట్టు. మొదటి నెల నాకే భయం. నాన్న ఎలా పోయారో చూశాను కదా. రెండో నెలకి, మొదటి నెల ఎందుకు చెప్పలేదని అడుగుతారనిపించింది. అప్పుడే మా అమ్మాయి సంబంధం మాటలు నడుస్తున్నాయి. తరువాత... తరువాత ఏడాది అయిపోయింది. ఏడాది తరువాత ఎలా చెప్పను?"

"మీరు నడిచేటప్పుడు ఆయన్ని కూడా లేపి ఉంటే నడిచేవారు కదా. దానికి జబ్బు పేరు చెప్పక్కర్లేదు."

"నిజమే."

"ఆ మద్యం సీసాలు ఎందుకు తెచ్చేవారు?"

ఆయన అరచేతులు చూసుకున్నారు. "వాడికి ఏదో ఒకటి ఇవ్వాలనిపించేది."

ఆ మాటకి నా చేయి ఆగింది. అంతకన్నా మంచి అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది.

"వాడికి చెప్పావా?"

"లేదు. మీరే చెబుతారు, రేపు."

"నీకేం కావాలమ్మా? ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"మీ చెయ్యి కావాలి. ఎడమదైనా సరే."

*

మర్నాడు దుకాణం ముందు బల్ల వేశారు. పైన రేకుల మీద వాన. సూదులు గుచ్చే అమ్మాయి గొంతు పెద్దది, ఆ వానకి ఇంకా పెంచింది. బావగారు చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నారు. వెనక మా ఆయన నిలబడ్డారు. అత్తగారు కుర్చీలో. అక్క నీళ్ళ గ్లాసులు సర్దుతోంది. ఇరవై ముప్ఫైమంది గొడుగుల కింద.

"ఈ పరీక్ష ఇంతకు ముందు చేయించుకున్నారా?"

ఆయన ఏదో అన్నారు.

"వినపడలేదు సార్, గట్టిగా!"

"చేయించుకున్నాను. ఆరేళ్ళయింది. ఉందని చెప్పారు. మాత్ర వాడుతున్నాను."

అక్క చేతిలో గ్లాసులు కదలడం ఆగింది. నేను మా ఆయన ముఖమే చూస్తున్నాను. తనూ మడుచుకున్న చొక్కా చేతిని మా ఆయన నెమ్మదిగా కిందికి దించుకున్నారు. బొత్తం పెట్టుకున్నారు. అది కుదరలేదు, మళ్ళీ పెట్టుకున్నారు. తరువాత వానలోకి నడిచి వెళ్ళిపోయారు.

నేను అనుకున్నది అక్కడి వరకే జరిగింది. ఆ వెనక టీపొడి కొట్టాయన గొడుగు మూసి ముందుకొచ్చాడు. "శభాష్ సార్! ఆరేళ్ళుగా జబ్బు పెట్టుకుని ఇంత దిట్టంగా ఉన్నారంటే మాకు భయమెందుకు? రాసుకోమ్మా నా పేరు!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి నూట నలభైమంది చెయ్యి చాపారు. అందులో తొమ్మిదిమందికి బయటపడింది. మా అత్తగారు పదో మనిషి. పుకారు లేవలేదు. మా బావగారి ధైర్యం గురించి వీధంతా నాలుగు రోజులు చెప్పుకుంది. ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సయించలేదు.

ఇంట్లో మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్క తన పక్క అత్తగారి గదిలోకి మార్చుకుంది. "ధనుర్వాతం కాదా అయితే అది?" అని నన్నొకసారి అడిగింది. కాదన్నాను. "నన్నొక మనిషిగా చూసుంటే చెప్పేవారు" అంది. అంతే. మా ఆయన అన్నయ్యతో వ్యాపారం మాటలు తప్ప మాట్లాడలేదు. నాతో మాత్రం ఒకటన్నారు.

"ఆ ప్రశ్న నువ్వే అడిగించావు కదా. నీకెప్పుడు తెలిసింది?"

"నెల్లాళ్ళయింది."

"నాకు చెప్పాల్సింది" అన్నారు. కోపంగా కాదు. అలసిపోయినట్టు.

*

పదిరోజుల తరువాత డాక్టరమ్మ బావగారిని, మా ఆయన్ని ఒకేసారి పిలిచింది. అక్క, నేను వెనక బల్ల మీద కూర్చున్నాం. ముందు మా ఆయన కాగితం చూసి, నెల్లాళ్ళకి బాగానే పనిచేస్తోందంది. బావగారి కాగితం చూసి కళ్ళజోడు తీసింది.

"మీరు మాత్ర సరిగా వేసుకోవడం లేదు."

"వేసుకుంటున్నాను డాక్టర్. ఆరేళ్ళలో ఒక్క రోజు మానలేదు."

"అణిగి ఉండాల్సిన వైరస్ లేచింది. కాలేయం కూడా కొంచెం వాచింది. మళ్ళీ రోజూ వేసుకుంటే తగ్గుతుంది, ప్రమాదం దాటాం. కానీ మధ్యలో మానారు. ఈ మధ్యనే."

"లేదండీ. నిజం చెబుతున్నాను."

మా ఆయన కిటికీ వైపు చూస్తూ అన్నారు. "నమ్మండి డాక్టర్ గారూ. మా అన్నయ్య అబద్ధమాడటం మేమెవరం ఎరగం."

"ఆయన నిజాలన్నీ ఇలాగే ఉంటాయి" అంది అక్క. ఆవిడ నోట అలాంటి మాట నేను ఎప్పుడూ వినలేదు.

బావగారి చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మ మీద ఒట్టురా! ఒక్క పూట కూడా... పోయిన నెలలో కొన్నాళ్ళు నాలిక మీద పుల్లగా తగిలేది. కంపెనీ మారిందేమో అనుకున్నాను. మళ్ళీ..."

అక్కడ ఆగారు. మెడ మెల్లగా తిరిగింది. చూపు వచ్చి నా మీద ఆగింది. నేను చూపు తిప్పుకోలేదు.

"పుల్లగానా?" అంది డాక్టరమ్మ. "ఆ సీసా ఉందా? నకిలీ మందులైతే మేం పట్టించుకోవాలి. తీసుకురండి, పరీక్షకి పంపుతాను."

బావగారు ముందుకు తిరిగి కూర్చున్నారు.

"లేదు డాక్టర్. నేనే మానేశాను. బాగానే ఉన్నాను కదా అని."

"చూశారా" అని ఆవిడ రాసుకుంది. మా ఆయన కిటికీ వైపు నుంచి తల తిప్పను కూడా లేదు. ఆ మాటని గదిలో అందరూ నమ్మారు.

బయట వరండాలో మా ఆయన, అక్క ముందు నడుస్తున్నారు. బావగారు అడుగు తగ్గించి నా పక్కకి వచ్చారు.

"ఎన్ని రోజులమ్మా?"

"పదిహేడు."

తల ఊపారు. మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడి, "ఇక చాలా?" అని అడిగారు.

మా ఆయన కింద రోడ్డు మీద ఆటో కోసం చెయ్యి ఎత్తి నిలబడ్డారు. నెల్లాళ్ళలో చొక్కా వదులైంది.

"చాలదు బావగారూ" అన్నాను.